మూత తీసి చూసిన ఎర్రసముద్రం

మా ఊళ్లో ఇప్పుడు నా గురించి రెండు మాటలు నడుస్తున్నాయి. ఈ వయసులో మక్కా పోయి ఉమ్రా చేసుకొచ్చింది, అదృష్టవంతురాలు అనేది ఒకటి. ఉమ్రాకని పోయి రబ్బరు చొక్కా తొడుక్కుని సముద్రంలో మునిగింది, ఇంటి పరువును కూడా ముంచి వచ్చింది అనేది రెండోది. మొదటి మాట నా ఎదుట అంటారు. రెండోది నేను వీధి మలుపు తిరిగాక అంటారు. నా కొడుకైతే ఫోన్లో నేను మునిగిన వీడియో చూసి కొన్నాళ్లు నాతో మాట్లాడటమే మానేశాడు. అందుకని నా తరఫు మాట నేనే చెప్పుకుంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే జెద్దాలో ఉన్న నా కూతురి కూతురు షమీమ్ ఫోన్లో వింటూ రాస్తోంది. ఊళ్ల నుంచి పెద్దవాళ్లను విజిట్ వీసా మీద పిలిపించుకునే మనవాళ్ల కోసం అది ఒక బ్లాగు నడుపుతుంది. ఎక్కడికి తీసుకెళ్లొచ్చు, ఎంతవుతుంది, ఏం జాగ్రత్త పడాలి అని అందులో రాస్తుంటుంది. ఈసారి అక్షరాలు దానివి, గొడవ నాది. నా మాటల్ని మెత్తగా చేసి రాసిందో లేదో చదివించుకుని వింటానని ముందే చెప్పాను.

ఈ ప్రయాణం మొదలైంది నా కళ్ల వల్ల. రెండింటిలోనూ శుక్లాలు ముదిరాయి. బియ్యంలో రాళ్లు ఏరలేను, వీధిలో ఎదురొచ్చేది మేనకోడలో పాలవాడో గొంతు వింటే తప్ప తెలియదు. కడపలో ఆపరేషన్ చేయిస్తామని నా కొడుకు రెండుసార్లు తీసుకుపోయాడు. బల్ల మీద పడుకోబెట్టి ముఖం నిండా పచ్చగుడ్డ కప్పుతారు, కంటి దగ్గర మాత్రం ఒక రంధ్రం ఉంటుంది. ఆ గుడ్డ ముక్కు మీద పడగానే నాకు ఊపిరాడలేదు. మొదటిసారి గుడ్డ లాగేసి దిగి వచ్చేశాను. రెండోసారి పక్కనున్న కత్తుల పళ్లెం కూడా నాతోపాటు దిగింది. మత్తు ఇచ్చి చేయమని మా వాడు అడిగితే, అప్పుడైనా ముఖానికి మాస్కు పెట్టాల్సిందే కదా అన్నాడు డాక్టరు. ఇంకా ఆలస్యం చేస్తే పొర రాయిలా గట్టిపడుతుంది, తర్వాత నేనూ మాట ఇవ్వలేను అని కూడా చెప్పాడు. ముసలితనం, మొండితనం అని ఇంట్లో అందరూ అనుకున్నారు. అసలు సంగతి నేనెవరికీ చెప్పలేదు.

షమీమ్ జెద్దాలో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. అది వీసా పంపితే కడప నుంచి రైల్లో హైదరాబాదు, అక్కడి నుంచి విమానంలో జెద్దా చేరాను. విమానం నేరుగానే పోతుంది, ఒక నిద్ర తీసేంత సేపు. రెండో వారంలో మక్కాకు తీసుకుపోయింది. జెద్దా నుంచి రైలు ఉంది, గంట కూడా పట్టదు, నడవలేని వాళ్లకు మసీదు లోపల చక్రాల కుర్చీ దొరుకుతుంది. నేను నడిచాను. నడిచి నడిచి కాబా ఎదుట నిలబడితే నాకు కనిపించింది ఏమిటయ్యా అంటే, పొగమంచులో ఒక నల్లటి మసక. చుట్టూ జనం ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బతుకంతా ఏ దిక్కుకు తిరిగి నమాజు చేశానో ఆ దిక్కు చివరికంటా వచ్చి కూడా చూడలేకపోయాను. తిరుగు రైల్లో షమీమ్ నా చెయ్యి పట్టుకుని, "అవ్వా, ఆ పచ్చగుడ్డంటే నీకు యాల అంత బయం? కత్తికి బయపడే మనిషివి కాదే నువ్వు" అని అడిగింది. అప్పుడు చెప్పాను.

ఇరాక్ వాళ్లు కువైట్ మీద పడ్డ ఏడాది, ఆ గొడవకు కొద్ది నెలల ముందే నేను రియాద్‌లో దిగాను. ఇంటి పనిమనిషిని అక్కడ ఖద్దామా అంటారు. యజమానిని బాబా, యజమానురాలిని మామా అని పిలవాలి. ఆడమనిషిని పట్టుకుని మామా అనడానికి నాకు నోరు రాక మేడం అనేదాన్ని. భాష తెలియదు, అంతా సైగలే. వచ్చిన మొదటి వారం, నేను ఏదో అడగబోతే మేడం ఐదు వేళ్ల కొసలూ ఒకచోట చేర్చి పైకి పట్టి ఆడించింది. మన దగ్గర దానికి అర్థం ఏమిటి, తిన్నావా అని కదా. ఎంత మంచి మనిషో అనుకుని వంటింట్లోకి పోయి తిన్నాను. మళ్లీ వస్తే మళ్లీ అదే సైగ. మళ్లీ పోయి తిన్నాను. మూడోసారికి ఇంక చాలమ్మా అని పొట్ట చూపించాను. ఆ సైగకు అక్కడ "ఆగు, ఓపిక పట్టు" అని అర్థమని తెలిసేసరికి ఆ పూటకు వాళ్ల రొట్టెలు నేనే ఖాళీ చేసి ఉన్నాను. ఇంటిల్లిపాదీ చాన్నాళ్లు నవ్వారు.

తర్వాత యుద్ధం రియాద్ మీదికి వచ్చింది. సైరన్ మోగితే అందరం లోపలి గదిలో దూరాలి. కిటికీలకు ప్లాస్టిక్ పట్టా అంటించారు, తలుపు కింద తడి తువ్వాలు పెట్టారు. విషవాయువు వస్తుందని బాబా అందరికీ ముసుగులు తెచ్చాడు. పనిమనిషిని వదిలేశారని చెబితే అబద్ధమవుతుంది, నాకూ తెచ్చాడు. బాబా, మేడం, ముగ్గురు పిల్లలు, నేను, మొత్తం ఆరు. మొదటిసారి సైరన్ మోగినప్పుడు పిల్లలు ఏడుస్తున్నారు, మేడం చేతులు వణుకుతున్నాయి. అయినా నా ముసుగు పట్టీలు ఆమే తల వెనక బిగించింది. పీల్చాను, గాలి రాలేదు. గట్టిగా పీల్చాను, రబ్బరు వచ్చి బుగ్గలకు అతుక్కుంది. చేతులు ఊపాను. మేడం తన ముసుగులోంచి నన్ను చూసి, ఐదు వేళ్లూ చేర్చి పైకి పట్టింది. ఓపిక పట్టమని. చచ్చేదానికి ఓపిక ఏమిటి? ముసుగు పీకి పారేసి తలుపు తోసుకుని వరండాలో పడ్డాను. ఆ తర్వాత ఎన్నిసార్లు సైరన్ మోగినా ఆ గదిలోకి పోలేదు, వరండాలో కూర్చుని కలిమా చదువుకునేదాన్ని. ఆ మొదటి సైరన్ మరునాడు ఆ గది ఊడుస్తుంటే మంచం కింద నల్లటి గుండ్రటి మూతలు ఐదు దొరికాయి. ఏ డబ్బావో అని వంటింట్లో ఉప్పు డబ్బాకూ కాఫీ డబ్బాకూ పెట్టి చూశాను, దేనికీ సరిపోలేదు, చెత్తలో వేశాను. యుద్ధం ఆగింది, ఇంకో రెండేళ్లు ఆ ఇంట్లోనే చేసి ఊరికి వచ్చాను. కానీ ఆనాటి నుంచి ముఖం మీద ఏది పడినా, దుప్పటి కొంగు పడినా సరే, ఆ రబ్బరు వచ్చి నా బుగ్గలకు అతుక్కుంటుంది.

షమీమ్ అంతా విని, నా చెయ్యి వదలకుండా ఇంటిదాకా తీసుకొచ్చింది. రెండు రోజులు పోయాక, అవ్వా సముద్రంలో మునుగుతావా అంది. ఆసుపత్రిలో దానితో పని చేసే అమ్మాయిలు సెలవురోజుల్లో పోతారట. అరీజ్ అని ఒక సౌదీ అమ్మాయి నేర్పుతుందట. జెద్దాకు పైన చిన్న దీవి ఉంది, దాని వంపులో నీళ్లు నడుము లోతు, ఛాతీ లోతు, అంతే. కళ్లూ ముక్కూ మూసే అద్దం పెట్టుకుని, వీపున కట్టిన గాలిసీసా నుంచి నోటితో గాలి పీల్చాలి. భయమేస్తే నిలబడితే చాలు, తల నీళ్లకు పైనే ఉంటుంది. "ఆ అద్దాన్ని ఓర్చుకుంటే పచ్చగుడ్డ నీకు ఒక లెక్కనా" అంది. నీకు మతి పోయిందా మే అని తిట్టాను. ఆ రాత్రి నమాజుకు నిలబడితే మళ్లీ ఆ నల్లటి మసకే కళ్ల ముందుకు వచ్చింది. పొద్దున్నే సరే పోదాం పా అన్నాను. నా వయసు వాళ్లకు డాక్టరు చీటీ లేనిదే నీళ్లలోకి దింపరు. గుండె, ఊపిరి, చెవులు, బీపీ అన్నీ చూశారు. కంటి ఆపరేషన్ ముందు కాబట్టి పరవాలేదు, చేయించుకున్నాక అయితే డాక్టరు సరే అనేదాకా సముద్రం మాట ఎత్తొద్దన్నారు.

పోయింది చలికాలం చివర్లో, ఒక శనివారం. తెల్లవారుజాము ఫజర్ నమాజు అయ్యాక అజీజియా పేటలోని షమీమ్ ఇంటి నుంచి బయలుదేరాం. షమీమ్‌కు తెలిసిన డ్రైవరు రాజన్న వచ్చాడు, జగిత్యాల మనిషి, అక్కడ ఇరవై ఏళ్లకు పైగా బండి తోలుతున్నాడు. రానూపోనూ, మా కోసం అక్కడే ఆగినందుకూ కలిపి రెండు వందల రియాళ్లకు ఒప్పుకున్నాడు. పడవలు బయలుదేరే ఒబ్హూర్‌కు ముప్పావు గంట దారి. సముద్రం పక్క రోడ్డు ఖాళీగా ఉంది, రాజన్న నోరు మాత్రం ఖాళీగా లేదు. ఎక్కడికి, ఎందుకు, ఈ వయసులో ఏమిటి అని అన్నీ అడిగాడు. చివరికి, "అవ్వా, చేపలు తినెటందుకు పోయెటోళ్లను చూసిన గని, చేపలను పలకరించెటందుకు పోయెటోళ్లను గిప్పుడే చూస్తున్న" అన్నాడు.

"చేప నోరు తెరుస్తుంది గాని మాట్లాడదు నాయనా. నీకంటే నయం" అన్నాను.

రాజన్న నవ్వి, ఆ తర్వాత ఒబ్హూర్ వచ్చేదాకా నోరు తెరిచి మూసి చేపలా చూపిస్తూనే ఉన్నాడు.

రేవులో తీరరక్షక దళం వాళ్లు పడవ ఎక్కే ప్రతి ఒక్కరి కాగితాలూ చూస్తారు. అక్కడ ఉండేవాళ్లకు ఇకామా కార్డు, మాలాంటి వాళ్లకు పాస్‌పోర్ట్. ఫోన్లో ఫొటో చూపిస్తే కుదరదు, అసలుదే పట్టుకుపోండి. నా పాస్‌పోర్ట్ చూసిన సిపాయి ఒకసారి నన్ను, ఒకసారి పుట్టిన సంవత్సరాన్ని చూసి, హజ్జా, అంటే పెద్దమ్మా, చేపలు పట్టడానికా అని అడిగాడు. ముప్పై ఏళ్ల కిందటి వంటింటి అరబ్బీ నా దగ్గర ఇంకా కొంత మిగిలే ఉంది. లా, గౌస్ అన్నాను. కాదు, మునగడానికి అని. అతను మాషా అల్లా అనుకుంటూ పాస్‌పోర్ట్ రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. పడవకూ, సామానుకూ, నేర్పినందుకూ, మధ్యాహ్నం భోజనానికీ కలిపి మనిషికి నాలుగు వందల రియాళ్లు. పొద్దున టీ, రెండు బిస్కెట్లు తప్ప ఏమీ తిననివ్వలేదు షమీమ్. మంచి పని చేసింది. పడవ ఊపుకు పక్కన కూర్చున్న కుర్రజంట తిన్న ఫలహారమంతా సముద్రానికే ఇచ్చేశారు.

దీవి అంటే కొండలూ చెట్లూ కాదు, కొడవలిలా వంగిన తెల్లటి ఇసుక. ఆ వంపు లోపల నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. రబ్బరు చొక్కా వేసుకోవడం మాత్రం ఒక యుద్ధమే. దిండుకు గలీబు తొడిగినట్టు షమీమ్ ఒక పక్క, అరీజ్ ఒక పక్క పట్టి నన్ను అందులో కుక్కారు. మెడ నుంచి చీలమండ దాకా నలుపు, నెత్తిన టోపీ కూడా రబ్బరుదే, పైన షమీమ్ తెచ్చిన వదులు చొక్కా. ఇక్కడ మా ఊరివాళ్లకు ఒక మాట. నాట్లు వేసేటప్పుడు మీరంతా చీర మోకాళ్ల పైకి దోపుకునే వేస్తారు. ఆ రోజు నా ముఖమూ చేతులూ పాదాలూ తప్ప ఏదీ బయటికి కనిపించలేదు. పరువు లెక్క మీరే చూసుకోండి.

నీళ్లలో మాట వినబడదు కాబట్టి ముందు ఇసుక మీద సైగలు నేర్పారు. అరీజ్ అరబ్బీలో నెమ్మదిగా చెబుతుంటే నాకు అందని చోట షమీమ్ తెలుగులో అందించింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే బాగున్నాను అని. అరచెయ్యి అటూ ఇటూ తిప్పితే ఏదో తేడా అని. బొటనవేలు పైకి లేపితే పైకి పోదాం అని. ఈ వయసులో ఆ చివరి సైగ నాకు నేర్పొద్దన్నాను. షమీమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఎందుకు నవ్వుతున్నారో అరీజ్‌కు ఎంత చెప్పినా అర్థం కాలేదు, పైకి పోవడం అంటే వాళ్లకు పైకి పోవడమే.

ఛాతీ లోతులో నిలబడి అద్దం పెట్టుకున్నాను. ముక్కు మూసుకుపోగానే పాత కథే. పీకి పారేశాను. రెండోసారీ అంతే. అరీజ్ తిట్టలేదు, తొందర పెట్టలేదు. ఒడ్డుకు తీసుకువచ్చి కూర్చోబెట్టి, అద్దం సంగతి తర్వాత, ముందు ఇది పట్టు అని గాలిసీసా గొట్టం చివరనున్న రబ్బరు ముక్క నా చేతికిచ్చి, సీసా పట్టీలు సర్దడానికి అటు తిరిగింది. పెట్టుకోమని ఇచ్చిందేమో అనుకుని నేను ఆగకుండా నోట్లో పెట్టుకుని పీల్చాను. ఏమీ రాలేదు. గట్టిగా పీల్చాను, బుగ్గలు లోపలికి పోయాయి. అదే, అచ్చం అదే. అరీజ్ ఇటు తిరిగి చూసి, చటుక్కున నా నోట్లోది తీసి, సీసా పైనున్న కుళాయి తిప్పింది. బుస్సుమని చప్పుడైంది. మళ్లీ నోటికి అందించింది. పీల్చాను. బావిలోంచి తోడిన నీళ్లలా చల్లటి గాలి వచ్చింది, ఎంత కావాలంటే అంత.

"ఏం చేసినావు" అని తెలుగులోనే అడిగేశాను. మూసి ఉంది, తెరిచాను అంది అరీజ్. నోట్లో పెట్టుకునే ముందు తెరిచి ఉందో లేదో చూసుకోవడం మొదటి పాఠమట. నేను పాఠం కంటే ముందు పోయాను.

నేను అలా ఇసుకలో కూర్చునే ఉన్నాను. గాలి లేకపోవడం కాదు, మూసి ఉండటం. ఆ రెండూ ఒకటి కావని నాకు ఇంత వయసు వచ్చాక తెలిసింది. అప్పుడు ఒక అనుమానం పుట్టింది. యుద్ధంలో ముఖానికి పెట్టుకునే ముసుగులకు కూడా ఇలాంటి కుళాయి ఉంటుందా అని షమీమ్ చేత అడిగించాను. అరీజ్ అప్పటికి పుట్టనే లేదు, తనకేం తెలుసు. కానీ పడవ నడిపే పెద్దాయన, తెల్లగడ్డం మనిషి, అక్కడే తాడు చుడుతూ విన్నాడు. ఆ యుద్ధమప్పుడు ఆయన రియాద్‌లోనే ఉన్నాడట. కుళాయి కాదు హజ్జా, మూత అన్నాడు. గాలి వడగట్టే డబ్బా ముందు గుండ్రటి మూత ఉంటుంది, పెట్టుకునే ముందు దాన్ని ఊడదీయాలి, ఆ కంగారులో చాలా ఇళ్లలో మరిచిపోయారు, మా అమ్మ కూడా అలాగే గిలగిల్లాడింది అన్నాడు.

"ఏం రంగు?" అని అడిగాను.

"నలుపు" అన్నాడు.

ముసుగులు ఆరు, మంచం కింద మూతలు ఐదు. ఉప్పు డబ్బాకు పెట్టి చూసిన మూతలు. ఆరోది నా ముసుగుకే ఉండిపోయింది. దాన్ని పీకి పారేసినప్పుడు గోడకు కొట్టుకుని ఏ మూలకు పోయిందో, తర్వాత బాబా దాన్ని ఎక్కడ పారేశాడో, నేను తిరిగి చూడలేదు. నాకు చాలా కోపం వచ్చింది. మేడం మీద రాలేదు. ఆ పిల్లల ఏడుపులో, ఆ వణికే చేతులతో, ఐదు మూతలు గుర్తుంచుకోవడమే ఎక్కువ. నన్ను చంపాలని చేసిన పని కాదు, నా పట్టీ తన చేతులతో బిగించిన మనిషి ఆమె. నా కోపమంతా ఆ మూత మీద. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్క, ముప్పై ఏళ్లు దాటి నా ముఖం మీద కూర్చుంది, నా కళ్లు కూడా తీసుకుపోబోయింది. కోపం వెనకే, ఎక్కడి నుంచో నవ్వు వచ్చింది. నా ఊపిరిలో ఏ లోపమూ లేదు. నా ధైర్యంలోనూ లేదు. పా మే, దిగుదాం అన్నాను.

ఈసారి కుళాయి నేనే తిప్పి చూసుకున్నాను. అద్దం పెట్టుకున్నాను. ముక్కు మూసుకుంది, మూసుకోనీ, నోటికి గాలి వస్తోంది. ఒక పక్క అరీజ్, ఒక పక్క షమీమ్ నా చేతులు పట్టుకుని నడుము వంచి నెమ్మదిగా దింపారు. ఒక్కసారిగా పైనున్న గాలిచప్పుడంతా ఆగిపోయి నా ఊపిరి చప్పుడు ఒక్కటే మిగిలింది. లోపలికి పోతే బుస్సు, బయటికి వస్తే బుడబుడ. ఇన్నేళ్లలో నా ఊపిరిని నేను అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. కాస్త ముందుకు పోతే అడుగు వాలుగా దిగి ఇద్దరు మనుషుల లోతు ఉంటుంది. అక్కడ రాతి మీద పువ్వుల్లా ఏవో పెరిగి ఉన్నాయి. కొన్ని క్యాలీఫ్లవర్‌లా, కొన్ని దుప్పి కొమ్ముల్లా.

ఇక్కడ ఎవరూ నాకు ముందు చెప్పని సంగతి ఒకటుంది. నీళ్లలో ఆ అద్దంలోంచి చూస్తే ప్రతిదీ ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. ఒడ్డు మీద మేనకోడల్ని గుర్తుపట్టలేని నా కళ్లకు చేపలు కనిపించాయి. చిలకపచ్చ రంగుది ఒకటి, ముసలమ్మలా పళ్లు బయటపెట్టి రాయిని కొరుకుతోంది. పసుపు చారలవి ఒక గుంపు, బడి వదిలిన పిల్లల్లా నా కాళ్ల చుట్టూ తిరిగి పోయాయి. జడకుచ్చుల్లా ఊగే దేనిలోనో నారింజరంగు చేప ఒకటి దూరి, తల మాత్రం బయటపెట్టి నన్ను గదమాయించింది. వేలెడంత లేదు, పొగరు మాత్రం నా అంత ఉంది. నాకు తెగ నచ్చింది. చాలా బాగుంది అని చెప్పాలనుకుని, ఫోన్లో అందరూ పెడతారే, అలా బొటనవేలు లేపి చూపించాను. అంతే, అరీజ్ నా చంక కింద చెయ్యివేసి నెమ్మదిగా పైకి తీసుకొచ్చేసింది. ఏమైంది, ఏమైంది అని అరీజ్, ఎందుకు తెచ్చావు అని నేను. షమీమ్ తల పైకి తేల్చి విషయం చెప్పాక, మళ్లీ దింపించుకున్నాను.

రెండోసారి దిగినప్పుడు అసలు పరీక్ష వచ్చింది. అద్దం అంచు నుంచి నీళ్లు లోపలికి కారాయి. కన్ను చురుక్కుమంది, ముక్కు దగ్గర ఉప్పునీళ్లు నిండాయి. చెయ్యి అద్దం పీకడానికి లేచింది. అప్పుడు అరీజ్ నా ముఖానికి ఎదురుగా వచ్చింది. ఇసుక మీద నేర్పిన సైగలన్నీ తానే మరిచిపోయి, పుట్టుకతో వచ్చిన సైగ చేసింది. ఐదు వేళ్ల కొసలూ చేర్చి పైకి పట్టి ఆడించింది. శ్వయ్ శ్వయ్. ఆగు, ఓపిక పట్టు. ఎదురుగా అద్దం వెనక రెండు కళ్లు, అదే చెయ్యి, అదే సైగ. ఈసారి నాకు గాలి ఉంది. ఓపిక పట్టడానికి మనిషికి గాలి ఉంటే చాలు. పట్టాను. మరుక్షణం, తిన్నావా అన్నట్టుంది కదా అని గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వితే బుగ్గలు ముడతపడి అద్దంలోకి ఇంకా నీళ్లు వస్తాయని అప్పుడే తెలిసింది. నేర్పినట్టుగా అద్దం పై అంచు నొక్కి పట్టి ముక్కుతో గట్టిగా ఊదాను, నీళ్లన్నీ పోయాయి. సున్నా చుట్టి చూపించాను. అరీజ్ కూడా సున్నా చుట్టింది. ఆ తర్వాత మేము ముగ్గురం ఎంతసేపు ఉన్నామో నాకు తెలియదు, అరీజ్ పైకి సైగ చేసినప్పుడు మాత్రం నేను అరచెయ్యి తిప్పి తేడా ఉందన్నాను. ఏమీ తేడా లేదు, ఇంకాసేపు ఉందామని.

మధ్యాహ్నం పడవలో వేయించిన చేపా అన్నమూ పెట్టారు. ఆ చిలకపచ్చది కాదు కదా అని అడిగాకే తిన్నాను. సాయంత్రం రేవులో దిగేసరికి ఒళ్లంతా పత్తి ఏకినట్టు తేలికగా ఉంది. మాది దూదేకులవాళ్ల ఇల్లు, ఆ పోలిక నాకు అరువుది కాదు. రాజన్న కారు దగ్గరే నిలబడి, "ఏమన్నయి అవ్వా చేపలు?" అని అడిగాడు. జగిత్యాలకు సలాం చెప్పమన్నాయి అన్నాను. దారంతా కిటికీ దింపుకుని కూర్చున్నాను. ఎదురుగాలికి కొంగు వచ్చి ముఖం మీద పడింది. చాలా దూరం పోయాక గాని దాన్ని నేను తీయలేదన్న సంగతి తోచలేదు. షమీమ్ చూసింది. ఫోన్ తీసి, నేను మునిగేటప్పుడు పడవలోవాళ్లు తీసిన వీడియో మా వాడికి పంపింది, ఆ తర్వాత ఇంట్లో జరిగిన రచ్చ మొదటే చెప్పాను.

ఊరికి తిరిగి వచ్చిన నెలలోనే కడప పోయాను. మా వాడు ఎంత కోపంగా ఉన్నా నా వెంట వచ్చాడు. బల్ల మీద పడుకోబెట్టాక డాక్టరు, పళ్లెం నాకు దూరంగా పెట్టించి, గుడ్డ కింద గాలిగొట్టం పెడతామమ్మా అన్నాడు. అది తెరిచి ఉందా అని అడిగాను. పెట్టకముందే చేతిమీద ఊదించి చూపించమన్నాను. చూపించాడు. చల్లగా తగిలింది. కప్పండి అన్నాను. మధ్యలో మాట్లాడొద్దు, తల కదపొద్దు, బాగానే ఉంటే బొటనవేలు చూపమన్నాడు.

"బొటనవేలు చూపిస్తే పైకి తీసుకుపొమ్మని సారూ. యాడికో నువ్వే ఆలోచించుకో. నేను సున్నా చూపిస్తా" అన్నాను.

పచ్చగుడ్డ పడింది. రబ్బరు నా బుగ్గల దాకా వచ్చింది, వచ్చి ఆగిపోయింది. బుస్సు, బుడబుడ అని మనసులో అనుకుంటూ పీల్చాను. బాగుందా అమ్మా అని డాక్టరు అడిగినప్పుడల్లా గుడ్డ బయట నా చెయ్యి సున్నా చుట్టింది. ఒకసారి మాత్రం పక్కనున్న నర్సు నా చెయ్యి చూసి, ఏమ్మా ఆకలేస్తోందా అని అడిగింది. నాకు తెలియకుండానే ఐదు వేళ్లూ చేర్చి పైకి పట్టి ఉన్నానట. నాకు నేనే చెప్పుకుంటున్నానులే అమ్మా అందామనుకున్నాను, మాట్లాడొద్దన్నారు కదా, ఊరుకున్నాను.

ఇప్పుడు కుడి కన్ను తేటగా ఉంది, ఎడమదానికి వచ్చే చలికాలం రమ్మన్నారు. షమీమ్ మక్కాలో తీసిన ఫొటోలు మా వాడి ఫోన్లో మళ్లీ చూశాను. నేను నల్లటి మసక అనుకున్న చోట నల్లటి పట్టు ఉంది, దాని మీద బంగారు దారంతో అక్షరాలు ఉన్నాయి. చదవలేను. కానీ అక్షరాలని తెలిసింది, దారం మెలిక కూడా కనిపించింది. ఆ రోజు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది, డాక్టరు వద్దన్నాడని ఆపుకున్నాను. నాకు కష్టమంతా ముసుగుతో అనుకుని ఇన్నేళ్లు దానికి దూరంగా పరుగెత్తాను. ఆ యుద్ధం ఎవరు గెలిచారో ఎవరు ఓడారో పెద్దవాళ్లు చెప్పుకుంటారు. నా మటుకు అది ఎర్రసముద్రం ఒడ్డున, ఇసుకలో కూర్చుని ఉండగా ముగిసింది. ఇదీ నా తరఫు మాట. ఇక వీధి మలుపు తిరిగాక ఏమైనా అనుకోండి, ఇప్పుడు నాకు అక్కడి దాకా కనిపిస్తుంది.

పెద్దవాళ్లను అక్కడికి తీసుకెళ్లేవాళ్లకు ఒక్క మాట. డాక్టరు చీటీ, అసలు పాస్‌పోర్ట్, మునిగిన మరునాడు విమానం ఎక్కకపోవడం, ఇవన్నీ షమీమ్‌ను అడిగితే చెబుతుంది. నేను చెప్పేది చిన్నది. ముఖానికి ఎవరు ఏది తొడిగినా, వాళ్లు ఎంత మంచివాళ్లయినా, తొడగకముందు మూత తీశారో లేదో మీ చేత్తో మీరే తడిమి చూసుకోండి.